ఆజిన్‌కోర్టు విలుకాండ్రు

శీతకాలమున మధ్యాహ్నము నాలుగు గంటలకే చీకటి క్రమ్మెడు ఈ ఇంగ్లండులో, ఉద్యోగబాధ్యతలు తీర్చుకొని ఇల్లు చేరిన పిదప మిగిలెడు దీర్ఘరాత్రులను మనవారిలో కొందరు సంగీతసాధనకును, కొందరు చదరంగమునకును వినియోగించుచుండగా, నేను బొటనవ్రేలిలో సగమైనను లేని ప్లాస్టిక్ సైనికులకు రంగులు వేయుచుందును. బొమ్మల సేనలను మోహరించి పోరు నడుపు ఈ క్రీడ ఇచటివారికి క్రొత్తది కాదు, హెచ్. జి. వెల్స్ మహాశయుడు 1913లోనే 'లిటిల్ వార్స్' అను పుస్తకమున ఇట్టి ఆటకు నియమములు కూర్చెను.

నేను చేపట్టినది 1415 అక్టోబరు 25న ఫ్రాన్సుదేశమునందలి ఆజిన్‌కోర్టు కడ ఐదవ హెన్రీ నడిపిన సేన. ఇందు ప్రభువుల బొమ్మలకు రంగు వేయుటలో చేతికి శ్రమయే గాని బుద్ధికి శ్రమ లేదు. వారి వంశలాంఛనములు పట్టికల కెక్కి నేటికిని నిలిచియున్నవి. బంగారమును వెండియు లోహములనియు, ఎరుపు, నీలము, నలుపు, ఆకుపచ్చ మొదలగునవి వర్ణములనియు విభజించి, లోహముపై లోహమును, వర్ణముపై వర్ణమును ఉంచరాదని లాంఛనశాస్త్రము విధించినది. దూరమునుండి పోల్చుకొనుటకు ఈ వైరుధ్యము మిక్కిలి అనుకూలము. హెన్రీ ధ్వజమున నీలిపై బంగారు లిల్లీపూలును, ఎరుపుపై బంగారు సింహములును ఈ నియమమునకు లోబడి వెలసినవే. విలుకాండ్రకు నాయకుడైన సర్ థామస్ ఎర్పింగ్‌హామ్ లాంఛనము ఆకుపచ్చని తలముపై ఒక చిన్న వెండిడాలు, దాని చుట్టును వెండిపిట్టల వరుస. బొమ్మపై ఒక్కొక్క పిట్టకు రెండు చుక్కల చోటైనను దొరకదు. అయినను చిత్రింపవలసిన దేమో నిస్సందేహముగా తెలియును.

ఆ నాయకుని వెనుక నిలిచిన విలుకాని సంగతి వేరు. సేనలో అధికసంఖ్యాకులు వీరే. రోజుకు ఆరు పెన్నీల జీతముపై కొలువు చేసిన వీరిలో పలువురి పేర్లు నాటి హాజరుపట్టీలలో లభించుచున్నవి గాని, ఎవ డే రంగు చొక్కా తొడిగెనో ఏ పట్టీయు చెప్పదు. సైనికుడు ఎదుటను వెనుకను సెయింట్ జార్జి ఎర్రసిలువను ధరింపవలెనని 1385లో రెండవ రిచర్డు శాసించియుండెను. అంతవరకే మనకు ఆధారము. తక్కినది అద్దకపువాని నడిగి తెలిసికొనవలసినదే. నాటి ఐరోపాలో ఎరుపునకు మన మంజిష్ఠకు జ్ఞాతియైన మేడర్ వేరును, నీలమునకు మన నీలిమొక్క రంగునే ఇచ్చు వోడ్ ఆకును, పసుపునకు వెల్డ్ అను మొక్కయు వాడుకలో నుండెను. పేదవానికి అందెడు పలుచని అద్దకము ఎండకు వానకు వెలిసి, ఇటుకరంగుగను బూడిదనీలముగను దిగజారును. కావున సీసాలోని ఎరుపును ఉన్నది ఉన్నట్లు పూయక, మట్టిరంగు కలిపి మొదటిపూత వేసి, అది ఆరిన పిదప నీటితో పలుచబరచిన ముదురు గోధుమరంగును బట్టల ముడతలలోనికి పారించి, అంచులపై మాత్రము లేతరంగును ఇంచుమించు పొడిగానున్న కుంచెతో రుద్దుదును.

పైగా వీరు ఈ పోరునకు ముందు హార్‌ఫ్లూర్ పట్టణపు ముట్టడిలో విరేచనవ్యాధి పాలై, అటుపిమ్మట రెండు వారములకు పైగా నడిచి వచ్చినవారు. యుద్ధభూమియా, రాత్రి వానకు నానిన దుక్కిచేను. అందుచేత బొమ్మ పీఠముపై పచ్చగడ్డి అంటించుట మాని, బురద మెత్తి, అంత శ్రద్ధతో రంగు వేసిన కాళ్ళపైననే ఆ బురదను మోకాళ్ళవరకు చిందింపవలెను.

ఆధారమున్నచోట దానిని తు.చ. తప్పక అనుసరించుట, లేనిచోట ఊహను హద్దులో నుంచుట అను చరిత్రకారుని ధర్మములు రెండును కుంచె పట్టినవానికిని తప్పవు. ఇచటి బడులలో చరిత్రను తేదీలుగా వల్లించుచున్న మన పిల్లలలో ఈ విద్యపై ఉత్సాహము కలవా రెవరైన నున్నచో, పెట్టె తెరువగనే ధగధగలాడు రాజును కొంతకాలము పక్కన నుంచి, మొదట ఒక విలుకానిని చేతికి తీసికొని, ఈతని చొక్కా ఏ రంగుదై యుండునో, ఏల అట్లుండునో తమ్ము తామే ప్రశ్నించుకొందురు గాక.