సిరలలో గడ్డకట్టే రక్తం

గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టకపోతే మనిషి బ్రతకడం కష్టం. అదే రక్తం పైకి గాయమేమీ లేకుండానే సిరలో గడ్డకడితే ప్రాణానికి అపాయం కలుగవచ్చు. ఒకే గుణం ఒకచోట రక్షణగాను, మరొకచోట రోగంగాను ఎట్లా పరిణమిస్తున్నదో తెలియాలంటే ముందుగా సిరల సంగతి గమనించాలి.

గుండెనుంచి రక్తాన్ని అవయవాలకు చేర్చేవి ధమనులు. తిరిగి గుండెకు చేర్చేవి సిరలు. కాళ్ల సిరలకు వచ్చేసరికి గుండె ఇచ్చిన ఒత్తిడి చాలవరకు తగ్గిపోతుంది. అక్కడినుంచి రక్తం భూమ్యాకర్షణకు ఎదురుగా పైకి ఎక్కాలి. ఈ పనికి పిక్కల కండరాలు తోడ్పడతాయి. నడిచేటప్పుడు అవి ముడుచుకొని లోతుగా ఉన్న సిరలను నొక్కుతాయి. రక్తం పైకి పోతుంది. సిరలలోని కవాటాలు దానిని మళ్లీ క్రిందికి జారనివ్వవు.

సిరలో రక్తం గడ్డకట్టడానికి ముఖ్యంగా మూడు కారణాలున్నాయి. మొదటిది, ప్రవాహం మందగించడం. ఎముక విరిగి, లేదా శస్త్రచికిత్స జరిగి, రోజులతరబడి మంచంమీద ఉన్నవారిలో ఇది కనబడుతుంది. రెండవది, సిర లోపలి పొర దెబ్బతినడం. మూడవది, రక్తానికే గడ్డకట్టే స్వభావం హెచ్చడం. గర్భిణులలో, బాలింతలలో, కాన్సరు రోగులలో, కొన్నిరకాల గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఇట్లా జరుగవచ్చు. జర్మను శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్కో (1821–1902) పేరుతో ఈ మూడింటిని ‘విర్కో త్రయం’ అంటారు. ఊపిరితిత్తుల ధమనులలోని గడ్డలు కాళ్లవంటి దూరపు సిరలనుంచి కొట్టుకొని రావచ్చునని చూపినవాడు ఆయనే.

మొదటి కారణానికి లండన్ నగరంలో ఒక విషాదకరమైన నిదర్శనం దొరికింది. 1940లో జర్మను విమానాలు బాంబులు కురిపిస్తుండగా ప్రజలు రాత్రులు రక్షణ స్థలాలలో తలదాచుకొనేవారు. పడుకొనే చోటులేక అనేకులు మడతకుర్చీలలో కూర్చుని తెల్లవార్చేవారు. బాంబుదెబ్బ తగలకుండానే వారిలో కొందరు హఠాత్తుగా మరణించారు. కీత్ సింప్సన్ అనే వైద్యుడు జరిపిన శవపరీక్షలలో ఊపిరితిత్తుల ధమనులలో రక్తపు గడ్డలు కనిపించాయి. కుర్చీ అంచు తొడల వెనుకభాగాన్ని నొక్కడంవల్ల, గంటలకొద్దీ కదలక కూర్చోవడంవల్ల కాళ్లలో రక్తం నిలిచి గడ్డకట్టిందని ఆయన వివరించాడు.

అయితే సిరలలోని గడ్డలన్నీ ఒకేవిధమైన ప్రమాదం కలిగించేవి కావు. చర్మం క్రిందనే ఉన్న సిరలో గడ్డ ఏర్పడి వాపు, మంట పుడితే దానిని పైసిరల శోథ అంటారు. సెలైను ఎక్కించిన చేతిలోను, కాళ్లమీద ఉబ్బిన సిరలలోను ఇది తరచు వస్తుంది. సిర ఎర్రబడి, త్రాడులాగా గట్టిగా చేతికి తగులుతుంది, ముట్టుకుంటే నొప్పి. గోరువెచ్చని కాపడం, వైద్యుడు చెప్పిన నొప్పి మందులతో చాలామందికి నయమవుతుంది. గడ్డ పొడవుగా ఉన్నా, గజ్జవైపు ప్రాకుతున్నా మాత్రం ఉపేక్షించరాదు.

ఎక్కువ అపాయకరమైనది కండరాల మధ్య, లోతుసిరలో ఏర్పడే గడ్డ. ఇది పైకి కనబడదు. సాధారణంగా ఒక కాలు మాత్రమే గంటలలోనో రోజులలోనో వాచి, పిక్క బరువెక్కి నొప్పిపెడుతుంది. చర్మం వెచ్చగా ఉండి రంగు మారవచ్చు. మోకాటి దిగువ ముందుకు పొడుచుకొనివచ్చే ఎముకనుంచి 10 సెం.మీ. క్రిందుగా రెండు పిక్కలను టేపుతో కొలిస్తే, వాచిన పిక్క 3 సెం.మీ.కు మించి పెద్దదిగా ఉంటే అనుమానం బలపడుతుంది. కోస్తా జిల్లాలవారు ఒంటికాలి వాపును బోదకాలని భావించడానికి అవకాశముంది. కాని బోదకాలు సాధారణంగా నెలలు, సంవత్సరాలమీద పెరుగుతుంది. కాలు బెణికిందనుకొని నూనెరాసి మర్దన చేయడం మరీ ప్రమాదం. గడ్డ ఊడి రక్తంలో కొట్టుకొనిపోవచ్చు.

అట్లా ఊడిన గడ్డ గుండె కుడిభాగంగుండా పోయి ఊపిరితిత్తుల ధమనిలో అడ్డుపడుతుంది. హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, గుండెదడ, ఒక్కొక్కప్పుడు దగ్గులో రక్తం, స్పృహ తప్పడం దాని లక్షణాలు. అప్పుడు క్షణమైనా ఆలస్యం చేయకుండా రోగిని ఆసుపత్రికి చేర్చాలి.

కాలిలోని గడ్డను అల్ట్రాసౌండ్ పరీక్షతో నిర్ధారిస్తారు. ఆరోగ్యంగా ఉన్న సిర పైనుంచి నొక్కితే అణగిపోతుంది. గడ్డ ఉన్న సిర అణగదు. పరీక్షకు మూలసూత్రం ఇంతే.

ఇక చికిత్స. 1916లో అమెరికాలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి పరిశోధన హెపారిన్ కనుగొనడానికి దారితీసింది. బూజుపట్టిన క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తస్రావంతో చనిపోవడానికి కారణాన్ని విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ బృందం శోధించింది. ఆ కృషి ఫలితంగా వచ్చిన వార్ఫరిన్ 1948లో ఎలుకలమందుగాను, 1954లో మనుషుల ఔషధంగాను వాడుకలోకి వచ్చింది. నేడు అపిక్సబాన్, రివరాక్సబాన్ వంటి మాత్రలుకూడ ఉన్నాయి. ఈ మందులు ఉన్న గడ్డను కరిగించవు, పెరగకుండా ఆపుతాయి. ఆ వ్యవధిలో శరీరమే దానిని క్రమంగా కరిగించుకొంటుంది. అందువల్లనే లోతుసిర గడ్డకు చికిత్స సాధారణంగా కనీసం 3 నెలలు సాగుతుంది. వాపు తగ్గిందని రోగి తనంతట తానే మానరాదు.

ఈ మందుల విలువ 1960లో ఇంగ్లండులో బారిట్, జోర్డన్ ప్రకటించిన ప్రయోగంలో స్పష్టపడింది. ఊపిరితిత్తులలో గడ్డ పడినవారిలో మందు ఇవ్వని 19 మందిలో 5 గురు ఆ కారణంగానే మరణించారు. మరి 5 గురికి గడ్డ తిరిగి వచ్చింది. మందు పుచ్చుకొన్న 16 మందిలో ఆ గడ్డవల్ల ఒక్కరూ మరణించలేదు.

రక్తస్రావం ఈ మందులవల్ల కలుగగల ముఖ్యమైన కీడు. వార్ఫరిన్ విటమిన్-కె పనిని అడ్డుతుంది. తోటకూర, పాలకూరవంటి ఆకుకూరలలో ఆ విటమిన్ అధికం. వాటిని పూర్తిగా మానవలసిన పనిలేదు. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కాకుండా సమంగా తినాలి. నియమంగా రక్తపరీక్ష చేయించుకొని మోతాదు సరిచూచుకోవాలి.

నివారణకు పెద్ద సాధనాలు అక్కరలేదు. శస్త్రచికిత్స, ప్రసవం అయినవారు వైద్యుడు అనుమతించిన వెంటనే నాలుగడుగులు వేయాలి. మంచం దిగలేనివారు పాదాలను పైకి, క్రిందికి ఆడిస్తుండాలి. దూరపు ప్రయాణాలలో గంటకో రెండు గంటలకో లేచి నడవాలి. పిక్కల కండరాలు పనిచేస్తున్నంతసేపు సిరలలో రక్తం నిలిచిపోదు.