మంచం పట్టిన పెద్దల కాళ్ళలో సత్తువ

ఈనిన గేదె పాలజ్వరంతో కూలబడితే మన సభ్యులెవ్వరూ చూస్తూ ఊరుకోరు. పశువైద్యునికి కబురు పంపి, కింద గడ్డి మందంగా పరిచి, కొద్ది గంటలకొకసారి పక్క మారుస్తారు. ఒకే పక్కన పడి ఉంటే దాని బరువే తొడ కండరాలను నొక్కి చెడగొడుతుందనీ, తరువాత జబ్బు తగ్గినా గేదె లేవలేదనీ అందరికీ తెలుసు.

అదే ఇంట్లో పెద్దాయనకు జ్వరం వస్తే మాత్రం "కదలకండి, పడుకోండి" అంటాము. పది రోజులకు జ్వరం పోతుంది కాని, పెరట్లోకి వెళ్ళాలన్నా ఒకరి ఆసరా కావలసి వస్తుంది. వయసు మీదపడిందని సరిపెట్టుకుంటాము. నిజానికి ఇందులో వయసు పాలు కొంత, మంచం పాలు కొంత.

మనిషి విషయంలో కారణం వేరు. పని చెప్పని కండను శరీరం నిలుపుకోదు. అమెరికాలో 2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో, సుమారు 67 ఏళ్ళ సగటు వయసుగల ఆరోగ్యవంతులను 10 రోజులు మంచం మీదే ఉంచారు. వారి కాళ్ళలో దాదాపు ఒక కిలో కండ తరిగింది. జబ్బేమీ లేనివారి సంగతే ఇది!

కనుక మంచంలో ఉండగానే కాళ్ళకు పని చెప్పాలి. పాదాలను పైకీ కిందికీ ఆడించడం, తొడలు బిగబట్టి వదలడం, మోకాలు వంచకుండా కాలు జానెడు ఎత్తడం పడుకునే చేయవచ్చు. ఓపిక రాగానే కాసేపు కూర్చోబెట్టి, తల తిరగడం లేదని చూసుకుని నిలబెట్టాలి. కుర్చీలోంచి అయిదారుసార్లు లేచి కూర్చోవడం, రోజుకు రెండు మూడు విడతలు, అన్నిటికంటె మేలైనది. కుంగిపోయే నులక మంచం ఇందుకు పనికిరాదు. ఎముక విరిగినవారు, గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవారు డాక్టరు చెప్పిన మీదటే మొదలుపెట్టాలి.

ఇక తిండి. పథ్యం పేరుతో గంజి, చారన్నం పెట్టి వారాలు గడిపేస్తారు. వాటిలో మాంసకృత్తులు బహు తక్కువ. పెద్దవారికి శరీర బరువు కిలో ఒక్కింటికి రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు మంచిదని నిపుణుల సలహా. అంటే 60 కిలోల మనిషికి 60 గ్రాములకు తగ్గకూడదు. పావు లీటరు గేదెపాలలో సుమారు 9 గ్రాములు, కోడిగుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. పప్పు, పెరుగు, అలవాటుంటే చేప, మాంసం మిగతాది పూరిస్తాయి. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం డాక్టరును అడగకుండా పెంచకూడదు.

పాల సంఘంవాళ్ళం కాబట్టి పాలు తాగమంటున్నామని అనుకోవద్దు. పాలన్నీ కేంద్రంలో పోసి, ఇంట్లో ముసలివారికి పలచని మజ్జిగ పోసే ఇళ్ళు మనలోనే ఉన్నాయి. పూటకు పోసే పాలలోంచి రోజుకు పావు లీటరు తీసిపెడితే నెల బిల్లులో తగ్గేది ఏడున్నర లీటర్ల వెల.