తెర మీద కనిపించిన గొంతు

వెండితెర మీద మనం విన్న గొంతులు వేలు. కానీ, గొంతునే తెర మీద చూశారా ఎప్పుడైనా? ఈమధ్య నేను చూశాను!

నా మిత్రుడొకడు డబ్బింగ్ కళాకారుడు. హీరో మీదికి కత్తి దూసే రౌడీ మొదలు, మంచం మీద ప్రాణం విడిచే ముసలాయన దాకా ఎవరికైనా గొంతు అరువిస్తాడు. అలాంటివాడి గొంతు ఆరు వారాలుగా బొంగురుపోయింది. మిరియాల కషాయమైంది, తులసాకులయ్యాయి. లాభం లేకపోయింది. "గొంతే పోతే నాకింక కూడెక్కడిదిరా?" అన్నాడు గుసగుసగా. ఇక లాభం లేదని చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారి దగ్గరికి లాక్కెళ్ళాను.

"ఎండోస్కోపీ చేద్దాం" అన్నారాయన. మావాడి మొహం పాలిపోయింది. తీరా చూస్తే మత్తూ లేదు, కత్తీ లేదు! ముక్కులో తిమ్మిరెక్కే మందు చల్లి, మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న మెత్తటి గొట్టాన్ని ముక్కులోంచి మెల్లగా గొంతుదాకా పంపారు. దాని కొసన వెలుగు, కెమెరా. "ఈ... అనండి" అన్నారు. అంతే! పక్కనున్న తెర మీద రెండు తెల్లటి స్వరతంత్రులు తలుపు రెక్కల్లా దగ్గరికొచ్చి అదిరాయి. మగవాళ్ళు మామూలుగా మాట్లాడుతుంటేనే అవి సెకనుకు నూరుసార్లకు పైగా అదురుతాయట. కాసేపట్లో పని పూర్తి. తిమ్మిరి వదిలేదాకా ఏమీ తినొద్దు, తాగొద్దన్నారు.

తమాషా ఏమిటంటే, ఈ విద్యకు బాట వేసినవాడు డాక్టరు కాదు, సంగీతం మాస్టారు! 1854లో మాన్యుయెల్ గార్సియా, పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం గొంతులో పెట్టుకుని, మరో అద్దంతో ఎండను లోపలికి మళ్ళించి, తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు.

మావాడి తంత్రుల మీద రెండు చిన్న బుడిపెలు కనిపించాయి. పనిచేసే చేతులు కాయలు కాచినట్టు, అరిచి అరిచి గొంతు కాచిన కాయలవి. "ఆపరేషనాండీ?" అన్నాడు వణుకుతూ. "తొందరొద్దు. ముందు గొంతుకు విశ్రాంతి. గుసగుసలు కూడా వద్దు. ఆ తర్వాత గొంతు వాడే పద్ధతి నేర్పిస్తాం" అన్నారాయన. ఆ జాగ్రత్తకు అర్థముంది. 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' నాయిక జూలీ ఆండ్రూస్ 1997లో గొంతుకు ఆపరేషన్ చేయించుకున్నాక, ఆ వెనకటి పాట ఆమెకు తిరిగి దక్కలేదు!

మూడు నెలలకు మావాడు మళ్ళీ మైకు ముందు నిలబడ్డాడు. మొదటి డైలాగు చెప్పి, నా వైపు చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

మొదటి ఆటకే గొంతు చించుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! బొంగురు మూడు వారాలు దాటితే కషాయాలతో కాలక్షేపం చేయకండి, డాక్టరుకు చూపించండి. అభిమానం ఆపుకోలేకపోతే ఈల వేయండి. దానికి స్వరతంత్రులతో పనిలేదు!