బీజ్ కలర్ కార్ మ్యాట్లు: నీళ్ళు పోసే ముందు ఒక్క నిమిషం ఆగండి

షోరూమ్ లైట్ల కింద బీజ్ ఇంటీరియర్ చూస్తే ఎవరికైనా నచ్చుతుంది. వానాకాలంలో ఒక్కసారి ఎర్రమట్టి రోడ్డు మీద దిగి ఎక్కితే తెలుస్తుంది అసలు కథ. డ్రైవర్ సీట్ ముందు మ్యాట్ మీద చెప్పుల అచ్చులు అలాగే ఉండిపోతాయి. నేనూ అందరిలాగే చేశా. మ్యాట్ తీసి, ట్యాప్ కింద పెట్టి, బట్టల పొడి వేసి గట్టిగా రుద్దా. సాయంత్రానికి కొత్తదానిలా కనిపించింది. తెల్లారి ఆరాక చూస్తే అదే మరక, కాస్త వెడల్పై మళ్ళీ వచ్చింది!

మరక తిరిగి రావడానికి కారణం ఏంటంటే, నీళ్ళు పోయగానే పోగుల మధ్య ఉన్న సన్నటి మట్టి బురదై అడుగుకి దిగుతుంది. మ్యాట్ ఆరేది పైనుంచి. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టు, కార్పెట్ పోగులు అడుగున ఉన్న తడిని పైకి లాగుతాయి. నీళ్ళు ఆవిరైపోతాయి, మట్టి మాత్రం పోగుల కొసల్లో మిగిలిపోతుంది. పైగా ఎర్రమట్టికి ఆ రంగు ఐరన్ ఆక్సైడ్ వల్ల వస్తుంది, అంటే తుప్పు జాతి పదార్థం. అది నీళ్ళలో కరగదు, బ్లీచ్‌కి లొంగదు. బ్లీచ్ పోస్తే మట్టి రంగు పోదు, మ్యాట్ రంగు పోతుంది.

కాబట్టి మట్టిని పొడిగా ఉన్నప్పుడే తీసేయాలి. తడి బురద అంటితే తుడవకండి, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత మ్యాట్‌ని బయటికి తెచ్చి, తిరగేసి, వెనక నుంచి కర్రతో నాలుగు దెబ్బలు వేయండి. పరుపులు దులిపినట్టే. ఎంత మట్టి రాలుతుందో చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. ఆ తర్వాత గట్టి బ్రష్‌తో అన్ని వైపులకీ గీకి, వ్యాక్యూమ్ పట్టాలి. సగానికి పైగా పని ఇక్కడే అయిపోతుంది.

వ్యాక్యూమ్ అంటే మన సైట్ రీడర్లకి ముందు గుర్తొచ్చేది స్పెక్ షీట్. చిన్న హ్యాండ్‌హెల్డ్ మోడళ్ళ బాక్స్ మీద కిలోపాస్కల్ నంబర్ పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఫోన్ కెమెరాలో మెగాపిక్సెల్ లాంటిదే ఇది. ఆ నంబర్‌ని మామూలుగా నాజిల్ పూర్తిగా మూసి కొలుస్తారు, అంటే గాలి అసలు కదలనప్పుడు. కార్పెట్‌లోంచి ఇసుక బయటికి రావాలంటే గాలి వేగంగా కదలాలి. అందుకే ఎయిర్‌ఫ్లో ఎంత, తిరిగే బ్రష్ హెడ్ ఉందా అన్నవి చూడండి. కార్ సాకెట్‌కి పెట్టుకునే వ్యాక్యూమ్‌లకి ఇంకో లిమిట్ ఉంది. 12 వోల్ట్ల సాకెట్‌కి 10 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటే, మొత్తం దొరికేది 120 వాట్లే. దానికంటే ఇంట్లో వాడే పాత పెద్ద వ్యాక్యూమ్‌కి సన్నటి నాజిల్ తగిలించుకోవడం మేలని నా అభిప్రాయం. ఫిల్టర్ కూడా దులపండి. అది మూసుకుపోతే ఎంత ఖరీదైన మోటారైనా దండగే.

ఇప్పుడు తడి పని. మగ్గు నీళ్ళలో అర చెంచా షాంపూ చాలు. చేత్తో బాగా గిలకొట్టి, నురుగు మాత్రమే తీసుకుని మరక మీద బ్రష్‌తో రాయండి. షాంపూ ఎక్కువైతే ఆరాక జిగట మిగులుతుంది, ఆ జిగటకి వారంలో రెట్టింపు దుమ్ము అంటుకుంటుంది. కడిగిన మ్యాట్ తొందరగా మాసిపోతోంది అని చాలామంది అనేది ఇందుకే. తర్వాత వట్టి నీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో రెండుసార్లు తుడిచి, పొడి తెల్ల టవల్ పరిచి దాని మీద నిలబడండి. అడుగున ఉన్న తడి టవల్‌లోకి వచ్చేస్తుంది, రేపు మరక పైకి రాదు. పాలు ఒలికితే చల్లటి నీళ్ళే వాడండి, వేడి నీళ్ళకి పాలలోని ప్రొటీన్ గట్టిపడి పోగులకి పట్టేస్తుంది.

7డి లెదరెట్ మ్యాట్లకి ఇంత శ్రమ అక్కర్లేదు, తడిగుడ్డ సరిపోతుంది. కుట్ల గీతల్లో చేరిన మట్టికి పాత టూత్‌బ్రష్ వాడండి. మెరుస్తుంది కదా అని డ్యాష్‌బోర్డ్ పాలిష్ మాత్రం కొట్టకండి. బ్రేక్ తొక్కేటప్పుడు మడమ జారుతుంది.

ఇదంతా కార్ బయట చేయాల్సిన పని. లోపల ఫ్లోర్ మీద నీళ్ళు పోయొద్దు. చాలా కార్లలో సీట్ కింద వైరింగ్ కనెక్టర్లు ఉంటాయి. పసుపు రంగువి కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్ సిస్టమ్‌వి, వాటి జోలికి అసలు వెళ్ళకండి. మ్యాట్ సగం తడిగా ఉండగానే లోపల వేసేస్తే బూజు వాసన పడుతుంది, పొద్దున్నే అద్దాలకి ఆవిరి కూడా పడుతుంది. దండెం మీద వేసి, నీడలో గాలి తగిలేలా పూర్తిగా ఆరనివ్వండి.

ఆరాక తిరిగి వేయడం చిన్న పని అనిపిస్తుంది. ఆ రోజు నాకూ అలాగే అనిపించింది. ఆఫీస్‌కి లేట్ అవుతోందని క్లిప్పులు పెట్టకుండా పడేసి బయల్దేరా. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మ్యాట్ ముందుకి జరిగి, దాని అంచు యాక్సిలరేటర్ కిందికి దూరింది. కాలు తీసినా పెడల్ పూర్తిగా వెనక్కి రాలేదు. న్యూట్రల్ చేసి, బ్రేక్ నొక్కి పట్టి పక్కకి ఆపేదాకా ఊపిరాడలేదు. ఇది అరుదైన విషయమేం కాదు. 2009లో అమెరికాలో టయోటా ఇలా మ్యాట్ పెడల్‌ని పట్టేసే ప్రమాదం ఉందనే సుమారు 38 లక్షల వాహనాలకి రీకాల్ ప్రకటించింది.

అందుకే బీజ్ మ్యాట్ మాసిపోకుండా దాని మీద ఇంకో రబ్బర్ మ్యాట్ వేసే అలవాటు డ్రైవర్ వైపు వద్దే వద్దు. వేయాలనుకుంటే పాతది తీసేసి, మీ మోడల్‌కి సరిపోయే ముదురు రంగుది ఒక్కటే వేయండి. క్లిప్పులు పెట్టాక, ఇంజిన్ ఆఫ్‌లో ఉండగానే మూడు పెడల్స్‌నీ చివరిదాకా తొక్కి వదలండి. అవి దేనికీ తగలకుండా వెనక్కి వస్తేనే స్టార్ట్ చేయండి.