రాబందులేల కనరావు?

గొడ్డు చచ్చినచో ఊరి వెలుపల రాబందులు మూగి ఎముకలు మాత్రము మిగుల్చుట నా చిన్ననాట చూచితిని, మీరును చూచియుందురు. 1990 తరువాత మన దేశమున అవి నూటికి 90కి పైగా నశించినవి. అవి పోగా కళేబరములు కుళ్లి, కుక్కలు పెరిగినవి.

వేటగాడు కాదు, పశువుల నొప్పికి వాడిన డైక్లోఫినాక్ అను మందు వానిని చంపినది. ఆ మందు పడిన కళేబరమును తినిన రాబందు మూత్రపిండములు చెడి కొలది దినములలో చచ్చును. 2004లో ఈ సంగతి తేలినది. 2006లో ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించినది. అయినను మనుష్యుల మందునే పశువులకు వేయుట పిమ్మటను సాగినది.

రాబందు ఏటికొక్క గ్రుడ్డే పెట్టును. పోయిన సంతతి శీఘ్రముగా మరలిరాదు. కావున నా మనవి యొక్కటే: పశువునకు సూది వేయించునపుడు మందు పేరడుగుడు. మెలాక్సికామ్ అను మందు పశువు నొప్పిని తగ్గించును, రాబందును చంపదు.