నిజాం దళాల బ్యాడ్జీలకు నకిలీల బెడద
అచ్చుకు పోతకు తేడా తెలియక మోసపోతున్న సేకర్తలు

మైలార్‌దేవ్‌పల్లి: అరచేతిలో ఇమిడే ఇత్తడి బిళ్ల. మీద ఒక కిరీటమో, సింహమో, రెండు బల్లేలో, కింద పటాలం పేరు. ఒకప్పుడు సిపాయి తలపాగాపై మెరిసిన ఈ బ్యాడ్జి నేడు సేకర్తల చేతుల్లో విలువైన వస్తువైంది. విలువ పెరిగిన చోటికి నకిలీ రావడం కొత్తేమీ కాదు. అయితే హైదరాబాద్ సంస్థాన దళాల విషయంలో ఈ బెడద మరింత ఎక్కువ. దానికి కారణం చరిత్రలోనే ఉంది.

1948 సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17న సంస్థాన సైన్యం లొంగుబాటుతో ముగిసింది. తర్వాత ఆ దళాలు కొన్ని రద్దయ్యాయి, కొన్ని భారత సైన్యంలో కలిశాయి. నాటితో వారి బ్యాడ్జీల తయారీ నిలిచిపోయింది. ఉన్నవే ఉన్నాయి, కొత్తవి పుట్టవు. కొనేవారు మాత్రం ఏటా పుడుతూనే ఉన్నారు.

మైలార్‌దేవ్‌పల్లికి కూతవేటు దూరంలోని బార్కస్ పేరే ‘బారక్స్’ నుంచి వచ్చింది. నిజాం కొలువులో పనిచేసిన అరబ్బు సైనికుల నివాసాలు అక్కడ ఉండేవి. నగరంలో ఫస్ట్ లాన్సర్, ఏసీ గార్డ్స్ పేట్ల పేర్లు కూడా ఆనాటి దళాలవే. ఈ ప్రాంతాల్లో తాత సందూకులోంచి వచ్చిన పాత ఇత్తడి బిళ్ల అంటే ఎవరైనా నమ్ముతారు. అమ్మేవారికి అంతకంటే కావలసిందేముంది?

ఎవరి బ్యాడ్జి ఎవరిదో...

మోసంలో సగం లోహంలో కాదు, కథలో ఉంటుంది. ‘నిజాం సైన్యం బ్యాడ్జి’ అని అమ్ముతున్న వాటిలో అనేకం అసలు నిజాం సైన్యానివే కావు. బొల్లారం కేంద్రంగా ఉన్న హైదరాబాద్ కంటింజెంట్ ఖర్చు సంస్థానానిది, అజమాయిషీ బ్రిటిష్ అధికారులది. 1903లో ఆ దళాలను భారత సైన్యంలో విలీనం చేసి కొత్త సంఖ్యలు ఇచ్చారు. కాల్బలానికి 94 నుంచి 99 వరకు, అశ్విక దళాలకు 20, 29, 30. వీటిలో 20వ డెక్కన్ హార్స్ 1916 జూలై 14న ఫ్రాన్స్‌లోని హైవుడ్ వద్ద గుర్రాలపై దాడి చేసింది. 1921లో 20, 29 దళాలు కలిసి 9వ సంఖ్య కిందికి వచ్చాయి. కాబట్టి 20 అంకెతో ఉన్న డెక్కన్ హార్స్ బ్యాడ్జి 1903కు ముందుది కాజాలదు, 1921 తర్వాతదీ కాజాలదు.

కిరీటాన్ని చూసినా కాలం తెలుస్తుంది. విక్టోరియా రాణి 1901లో మరణించారు. ఆమె కాలపు కిరీటం ఒక ఆకారంలో, తర్వాతి రాజుల కాలపు కిరీటం మరో ఆకారంలో ఉంటాయి. 1953 తర్వాత బ్రిటన్ బ్యాడ్జీలపై మూడో ఆకారం వచ్చింది. స్వతంత్ర భారత సైన్యం కిరీటాన్ని తీసేసి అశోకుని సింహాలను స్వీకరించింది. 20వ డెక్కన్ హార్స్ పేరుపై విక్టోరియా కిరీటం కనబడితే అనుమానించవలసిందే. 19వ హైదరాబాద్ రెజిమెంట్ పేరుపై అశోక సింహాలుంటే అనుమానం కూడా అక్కర్లేదు. ఆ రెజిమెంట్ 1922లో ఏర్పడి, 1945లో కుమావూఁ రెజిమెంట్‌గా పేరు మార్చుకుంది. కుమావూఁ చిహ్నంలోని సింహం మాత్రం నేటికీ హైదరాబాద్ జ్ఞాపకమే. ఇక్కడ బ్రిటిష్ రెసిడెంటుగా ఉండి 1813లో రస్సెల్ బ్రిగేడ్‌ను నెలకొల్పిన హెన్రీ రస్సెల్ వంశ చిహ్నం అది.

ఇక సంస్థానం సొంత దళాల విషయం. ‘హైఫా యుద్ధానికి వెళ్లొచ్చిన బ్యాడ్జి’ అన్న మాట ధరను అమాంతం పెంచుతుంది. 1918 సెప్టెంబరు 23న హైఫాను పట్టుకున్న అశ్విక బ్రిగేడ్‌లో హైదరాబాద్ లాన్సర్లు భాగమే. ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాల్లో ఒకటి వారిది. అయితే ఆ రోజు పట్టణంపైకి దూకిన గుర్రాలు జోధ్‌పూర్, మైసూరు దళాలవి. ఈ తేడా చెప్పే అమ్మకందారు అరుదు. మలయాలోని కోటాభారు విమానాశ్రయాన్ని 1941 డిసెంబరులో కాపలా కాసిన ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. అక్కడ ప్రాణాలొడ్డిన వారి బ్యాడ్జికి బజారులో కథ లేదు.

అచ్చు వేరు, పోత వేరు

అసలు బ్యాడ్జీల్లో ఎక్కువ భాగం రెండు ఉక్కు డైల మధ్య పలుచని ఇత్తడి రేకును పెట్టి, ప్రెస్‌తో ఒత్తి తయారుచేసినవి. ముందువైపు ఉబ్బెత్తుగా ఉన్న బొమ్మ వెనుక గుంటగా కనిపిస్తుంది. అక్షరాల మధ్య ఖాళీలను కోసిన అంచులు పదునుగా ఉంటాయి. మంచి డై చెక్కించడానికి ఖర్చెక్కువ కనుక నకిలీదారు పోతకు దిగుతాడు. ఒక అసలు బ్యాడ్జిని ఇసుకలోనో రబ్బరు మూసలోనో అదిమి, ఆ అచ్చులో కరిగిన ఇత్తడి పోస్తాడు. వెనుక భాగం చదునుగా, గరుకుగా వస్తుంది. గాలి బుడగలు సూది రంధ్రాలుగా మిగులుతాయి. బరువు పెరుగుతుంది.

అన్నిటికంటే నమ్మదగిన సాక్ష్యం కొలత. కరిగిన ఇత్తడి చల్లారుతూ నూటికి ఒకటి, రెండు వంతులు కుంచించుకుపోతుంది. 50 మిల్లీమీటర్ల బ్యాడ్జికి పోత నకలు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు చిన్నదవుతుంది. కంటికి ఆనదు, వెర్నియర్ కాలిపర్‌కు ఆనుతుంది. కాటేదాన్ వర్క్‌షాపుల్లో లోహం పని చేసే ఏ కార్మికుణ్ని అడిగినా ఈ సంగతి చెబుతాడు. పోతపని వారికి ఇది పాఠం కాదు, రోజూ చూసేదే.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. బ్రిటిష్ పాలన నాడు ఇంగ్లండు నుంచి సరుకు రావడం ఆలస్యమైతే, కంటోన్మెంటు బజారు కంసాలుల చేతనే బ్యాడ్జీలు పోయించుకున్న పటాలాలున్నాయి. అవి మోటుగా ఉంటాయి, ఆకురాయి గీతలు కనిపిస్తాయి, వెనుక కొంకీలు వంకరగా అతికి ఉంటాయి. అయినా అవి అసలైనవే. వాటిని ధరించి సిపాయిలు కవాతు చేశారు. పోత అయినంత మాత్రాన నకిలీ అని కొట్టిపారేసేవారు తాము పండితులమనుకుంటూ నిధిని పారేసుకుంటున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో లోహం ఆదా కోసం బ్రిటన్ ప్లాస్టిక్ బ్యాడ్జీలు చేయించింది. వాటినీ బొమ్మలనుకుని విసిరేసిన వారున్నారు.

మరింత కష్టమైనది పాత డైలతోనే మళ్లీ కొట్టిన సరుకు. కొలత సరిపోతుంది, గీత సరిపోతుంది. డై అరిగినందువల్ల వచ్చిన పగుళ్లు, వెనుక కొత్తగా అతికిన కొంకీలు, వాడకమే ఎరగని అంచులు తప్ప పట్టిచ్చేవి ఉండవు.

ముసలితనం పూసిన ఇత్తడి

కొత్త బిళ్లను పాతదిగా చూపడానికి రసాయనాలతో నల్లబరుస్తారు. కానీ అరుగుదలకు ఒక తర్కముంది. సిపాయి ఏళ్ల తరబడి పాలిష్ గుడ్డతో రుద్దితే ముక్కు, కిరీటం కొస వంటి ఎత్తయిన భాగాలు ముందు అరుగుతాయి. పల్లపు మూలల్లో ఎండిన పాలిష్ మడ్డి తెల్లగానో ఆకుపచ్చగానో చిక్కుకుని ఉంటుంది. వెనుక కొంకీల దగ్గర గుడ్డ, పిన్ను రాచుకున్న గుర్తులుంటాయి. ఎత్తూ పల్లమూ తేడా లేకుండా ఒకే నలుపు ఉన్నదాన్ని నమ్మరాదు. అయస్కాంతానికి అతుక్కుంటే అది ఇత్తడి పూత వేసిన ఇనుము. అల్యూమినియానికి బంగారు రంగు ఎక్కించిన తేలికపాటి బ్యాడ్జీలు 1950ల తర్వాతి సంగతి కనుక, 1948తో చరిత్ర ముగిసిన దళానికి అటువంటిది ఉండే అవకాశమే లేదు.

ఇళ్లలో మరో ఉపద్రవం చింతపండు. అమ్మకానికి ముందు తళతళలాడాలని పులుసులో నానబెట్టి తోమితే నూరేళ్ల సాక్ష్యం పది నిమిషాల్లో కడుక్కుపోతుంది. ఆ తర్వాత అసలు బ్యాడ్జి కూడా నకిలీలాగే కనబడుతుంది, నకిలీ ధరే పలుకుతుంది. జుమ్మేరాత్ బజార్‌లో కుప్పలోంచి ఏరుకునేవారికి ఇది లాభమే, అమ్ముకున్న కుటుంబానికి కాదు.

చట్టం ఏమంటోంది?

నకలు చేయడమే నేరం కాదు. సినిమాలకు, నాటకాలకు బ్యాడ్జీలు కావాలి. నకలును అసలుగా నమ్మించి సొమ్ము తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం. సైనికుడిగా నమ్మించే ఉద్దేశంతో సైనిక దుస్తులు, చిహ్నాలు ధరించడం 168వ సెక్షన్ కింద శిక్షార్హం.

శంషాబాద్ విమానాశ్రయం మీదుగా విదేశాలకు వెళ్లేవారు మరో చట్టాన్ని గుర్తుంచుకోవాలి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు. 1903 నాటిదని గొప్పగా కొన్న బ్యాడ్జిని అమెరికాలోని కుమారుడికి తీసుకెళ్లే పెద్దమనిషి, అధికారులు ఆపితే అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవలసి రావచ్చు. నకిలీ కొన్నవాడికి అది నకిలీ అని తేలడమే అక్కడ ఊరట.

పతకాలున్న కుటుంబాలకు మాత్రం ఒక ఆధారం ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధపు నక్షత్ర పతకాలను బ్రిటిష్ సైనికులకు పేర్లు లేకుండా ఇచ్చారు. భారతీయ సైనికులకు ఇచ్చినవాటి వెనుక సంఖ్య, పేరు, దళం అచ్చువేసి ఉంటాయి. ఆ పేరును సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చిన కాగితంతోనో, పింఛను పుస్తకంతోనో సరిచూడవచ్చు. బ్యాడ్జికి అటువంటి పేరు ఉండదు. అందుకే దానితోపాటు దొరికిన ఫొటో, ఉత్తరం, చిరిగిన పింఛను కాగితం ఏదైనా సరే బిళ్లతో పాటే ఉంచాలి. చాలా ఇళ్లలో ఇత్తడిని దాచి, కాగితాలను పాత పేపర్లతో కలిపి తూకానికి వేస్తున్నారు.