ముందు బీపీ గోలీలు, తర్వాతే డోలో

సూర్యాపేటలో మెడికల్ షాపు నాది. ఊళ్లో ఏ జ్వరం తిరుగుతోందో డాక్టర్ల కంటే మాకే ముందు తెలుస్తుంది. పొద్దున పదిలోపు ఒకే వీధి నుంచి ముగ్గురొచ్చి “అన్నా, ఒళ్లునొప్పులు, జలుబు... రెండు గోలీలియ్యి” అన్నారంటే ఆ వారం సంగతి అర్థమైపోతుంది. ఏడాదికి రెండుసార్లు ఇది తప్పదు: వానలు ముదిరాక ఒకసారి, సంక్రాంతి అటూ ఇటూ ఒకసారి. ఇది ఏటా వచ్చే మామూలు ఫ్లూ. మన ఒంటికి బొత్తిగా పరిచయం లేని కొత్త ఫ్లూ వైరస్ పుట్టి దేశాలు దాటితే అది మహమ్మారి. 1918, 1957, 1968, 2009లలో అదే జరిగింది. 1918లో మన దేశంలోనే కోటి మందికి పైగా పోయారు. 2009 స్వైన్‌ఫ్లూ దేశంలో మొదట బయటపడింది మన హైదరాబాదులోనే, మే నెలలో విమానం దిగిన ఒక ప్రయాణికుడిలో.

కరోనా ఫ్లూ కాదు, ఆ వైరస్ వేరే. కానీ మహమ్మారి అంటే ఏమిటో మా ఊరికి చూపించింది అదే. 2020 ఏప్రిల్‌లో కూరగాయల మార్కెట్ చుట్టుపక్కల మొదలై చూస్తుండగానే జిల్లాలో కేసులు ఎనభై దాటాయి. ఎక్కడ విన్నా సూర్యాపేట పేరే. ఏప్రిల్ 22న ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి సోమేష్ కుమార్, డీజీపీ మహేందర్ రెడ్డి హెలికాప్టర్‌లో వచ్చి పరిస్థితి చూసి వెళ్లారు. వీధులకు అడ్డంగా బారికేడ్లు కట్టేశారు. షాపు తెరిచి కూర్చుంటే ఎదురుగా పోలీసులు తప్ప మనిషి కనపడేవాడు కాదు. ఫోను మాత్రం మోగుతూనే ఉండేది.

ఆ ఫోన్లన్నీ జ్వరం గురించేనని అనుకుంటారేమో. చాలామంది అడిగింది షుగరు గోలీలు, బీపీ గోలీలు, థైరాయిడ్, ఫిట్స్ మందులు, ఇన్సులిన్, ఆయాసానికి పీల్చే ఇన్‌హేలర్. కట్టేసిన వీధి లోపలి నుంచి ఒక పెద్దాయన బారికేడ్ మీదుగా చెయ్యి చాపి గోలీల పట్టీ ముక్క చూపించాడు. రోజుకొకటి చొప్పున కత్తెరతో కత్తిరించుకుంటూ వచ్చాడు పాపం. చివరికి దాని మీద ‘పిన్ 5’ అన్న అక్షరాలే మిగిలాయి. అది అమ్లోడిపినా, నిఫెడిపినా, ఇంకోటా? “పదేళ్ల సంది గదే ఏస్కుంటున్న బిడ్డా, చిన్న తెల్ల గోలీ” అన్నాడు. మా షాపులో ఉన్న బీపీ గోలీల్లో సగం చిన్నవి, తెల్లవే. డాక్టరు చీటీ ఎక్కడుందో ఆయన కొడుక్కి తెలుసు. ఆ కొడుకేమో హైదరాబాదులో ఇరుక్కుపోయాడు.

అందుకే మహమ్మారికి ఇంట్లో ఏం తెచ్చిపెట్టుకోవాలని ఎవరడిగినా నేను మాస్కుల దగ్గర మొదలుపెట్టను. ఇంట్లో ఎవరు రోజూ ఏ మందు వేసుకుంటున్నారో అవి నెలకు సరిపడా ఎప్పుడూ చేతిలో ఉండాలంటాను. పట్టీ అయిపోయాక రావద్దు, సగంలో ఉండగానే రండి. పేరు ఉన్న వైపు నుంచి కత్తిరించొద్దు. చీటీని ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి పంపండి. ఫ్లూ వచ్చినప్పుడు ప్రాణం మీదికి తెచ్చుకునేది ఎక్కువగా పెద్దవాళ్లు, షుగరు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు. పాత రోగం అదుపు తప్పి ఉన్న ఒంట్లోకి కొత్త వైరస్ దిగితే మనిషి తట్టుకోవడం కష్టం.

బియ్యం, పప్పు గురించి పెద్దగా చెప్పను. మిర్యాలగూడ మిల్లులు తిరుగుతున్నంత కాలం మనకు బియ్యానికి లోటు రాదు, పచ్చడి జాడీలు ఎలాగూ ఉంటాయి. ఇబ్బందల్లా పాలడబ్బా, గ్యాసు బండ, సబ్బులు, నెలసరి ప్యాడ్ల లాంటి వాటితోనే. రెండు వారాలకు సరిపడా ఉంటే చాలు. అంతకుమించి కొని దాస్తే పక్కింటివాళ్లకు దొరకదు.

ఇప్పుడు అసలు జ్వరం సంగతి. కరోనాకూ ఫ్లూకూ ఒక పెద్ద తేడా ఉంది. కరోనా అంటాక లక్షణాలు కనపడటానికి దాదాపు ఐదు రోజులు పట్టేది. ఫ్లూ అంత సమయం ఇవ్వదు. ఒకటి నుంచి నాలుగు రోజుల్లో, ఎక్కువమందికి రెండో రోజుకే, పడకేయిస్తుంది. పైగా జ్వరం రావడానికి ఒకరోజు ముందు నుంచే ఆ మనిషి వైరస్‌ను పంచుతుంటాడు. ఆ తర్వాత ఐదు నుంచి ఏడు రోజులు, పిల్లలైతే ఇంకా ఎక్కువ. బడి నుంచి పిల్లాడు ఒళ్లు కాలుతూ వచ్చాడంటే ‘రేపు చూద్దాంలే’ అనే వీలు లేదు. ఆ సాయంత్రమే వాడి పడక ఎక్కడో, వాడి దగ్గర ఎవరుండాలో తేలిపోవాలి.

వేరే గది ఏది అని మీరడుగుతారు. మా వీధిలో సగం ఇళ్లు రెండు గదుల పోర్షన్లే. గది లేకపోతే మూల చాలు, కానీ ఆ మూలకు కిటికీ ఉండాలి. పడకల మధ్య కనీసం నాలుగు అడుగులు, వీలైతే ఆరు అడుగులు ఎడం ఉంచి, ఒకరి తల దగ్గర ఇంకొకరి కాళ్లు వచ్చేలా పడుకోవాలి. టేబుల్ ఫ్యాను కిటికీ వైపు తిప్పి పెడితే లోపలి గాలి బయటికి పోతుంది. ఎండాకాలం మా ఊళ్లో కూలరు లేకుండా బతకలేం. కిటికీకి బయటి నుంచి బిగించిన కూలరు ఈ విషయంలో ఏసీ కంటే మేలు, ఎందుకంటే అది బయటి గాలిని లోపలికి తెస్తుంది. ఎదురుగా తలుపో కిటికీయో తెరిచి ఉంచితే సరి. ఏసీ గదిలో తలుపులు బిగించుకుని నలుగురు పడుకుంటే మాత్రం ఒకరి ఊపిరి నలుగురూ పంచుకున్నట్టే. బాత్రూం ఒక్కటే ఉంటే రోగి చివర్న వెళ్లాలి, తర్వాత కాసేపు కిటికీ తెరిచి వదిలేయాలి.

2020లో ఒకావిడ అష్టాచెమ్మా ఆడితే ముప్పై ఒక్కమందికి అంటుకుందని మా ఊరి గురించి పత్రికలు రాశాయి. ఆవిడను జనం తిట్టని తిట్టు లేదు. బయట తిరిగొచ్చిన వాళ్లను వదిలేసి, ఇంటిపట్టున ఉన్న ఆడవాళ్ల మీద పడటం మనకు అలవాటే. ఆ లెక్క ఎంతవరకు నిజమో పక్కనపెడితే, ‘బయటికి పోలేదు కదా’ అన్న ధీమా మీద నడిచే ఇళ్లు చాలా ఉన్నాయి. తలుపు మూసిన గదిలో గంటలకొద్దీ మోకాలికి మోకాలు ఆనించి కూర్చోవడం వైరస్‌కు సంతతో సమానం. అదే ఆట వాకిట్లో వేపచెట్టు కింద, కాస్త ఎడంగా ఆడితే ముప్పు చాలా తగ్గేది.

రోగిని చూసుకునే మనిషి ఒక్కరే ఉండాలి. మన ఇళ్లలో అడగకుండానే అది అమ్మ. అమ్మకు షుగరు ఉంటే? కోడలు కడుపుతో ఉంటే? ఇంట్లో వయసులో ఉన్న, ఏ జబ్బూ లేని మనిషి ఎవరో వాళ్లకే ఆ పని అప్పగించాలి. అది మగపిల్లాడైనా సరే, గంజి కాచడం నేర్చుకుంటాడు. ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి. కంచం, గ్లాసు వేరే కొనక్కర్లేదు, సబ్బుతో బాగా కడిగితే చాలు. చేతులు ఇరవై సెకన్లు రుద్దాలి.

మందుల డబ్బాలో పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, డిజిటల్ థర్మామీటర్, వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఉంటే ఎక్కువలో ఎక్కువే. మందులు అమ్ముకునేవాణ్ని, అయినా ఇంతే చెప్తున్నా. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి, దాని మీద రాసినన్ని నీళ్లలో కలపాలి, గ్లాసుకింత అని పంచకూడదు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి. ఆక్సీమీటర్ పెట్టే వేలికి గోరింటాకు, గోళ్ల రంగు ఉంటే అంకె తప్పు చూపించవచ్చు.

డోలో అంటే పారాసిటమాలే. పెద్దవాళ్లకు 650 గోలీ, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు మించకూడదు. చిక్కంతా ఇక్కడుంది: జలుబు గోలీలు చాలావాటిలో కూడా పారాసిటమాల్ కలిసే ఉంటుంది. జ్వరానికి ఒకటి, జలుబుకు ఒకటి, ఒళ్లునొప్పులకు ఇంకొకటి వేసుకుంటే ఒకే మందు మూడుసార్లు మింగినట్టు, కాలేయానికి దెబ్బ. పిల్లల సిరప్ అయితే సీసా మీద అంకె చూడండి. 5 మి.లీ.లో 125 అని ఉన్నదీ, 250 అని ఉన్నదీ రెండూ ఒకే రంగు అట్టపెట్టెల్లో వస్తాయి. పన్నెండు కిలోల పిల్లకు 125 అయితే 5 మి.లీ., 250 అయితే అందులో సగం. పోయినసారి సీసా కొలతను ఈసారి సీసాకు వాడితే మోతాదు రెట్టింపు కావచ్చు. పిల్లలకు ఆస్పిరిన్ అసలే వద్దు. అజిత్రోమైసిన్ మాట కూడా ఎత్తకండి, అది బ్యాక్టీరియాకు మందు, వైరస్‌ను ఏమీ చేయదు. కరోనా రోజుల్లో పట్టుకున్న ఆ అలవాటు ఇంకా వదల్లేదు. ఫ్లూకు పనిచేసే ఒసెల్టమివిర్ అనే మందు వేరే ఉంది. అది డాక్టరు చీటీ మీదే ఇస్తాం, లక్షణాలు మొదలైన రెండు రోజుల్లోపు వేసుకుంటే దాని ఫలితం బాగుంటుంది. అందుకే ముసలివాళ్లకో, గర్భిణికో జ్వరం వస్తే మూడో రోజు దాకా ఆగొద్దు.

మిగతావాళ్లు ఎప్పుడు కదలాలి? ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, పెదాలు నీలంగా మారినా, మనిషి తికమకగా మాట్లాడినా, ఆక్సీమీటర్ 94 కంటే కిందికి పోయినా వెంటనే. జ్వరం తగ్గి రెండు రోజులు బాగుండి మళ్లీ తిరగబెట్టినా వెళ్లాలి, న్యుమోనియా అలాగే వస్తుంది. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు నిద్రలో పొట్ట కదలిక చూసి నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టండి. నలభై, అంతకు మించితే ఆసుపత్రికే.

ఏ ఆసుపత్రికి అన్నది కోదాడలో మా అక్క వాళ్లకు పెద్ద ప్రశ్న అయింది. కోదాడ జనానికి పెద్ద వైద్యం అంటే మొదట గుర్తొచ్చేది విజయవాడ. 2021 మేలో కరోనా వల్ల అటు ఆంధ్రాలో మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ. ఇటు సరిహద్దులో రామాపురం క్రాస్‌రోడ్డు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రా నుంచి హైదరాబాదు పోయే అంబులెన్సులనే ఆపేశారు. మే 14న హైకోర్టు జోక్యం చేసుకున్నాక గాని దారి ఇవ్వలేదు. అప్పుడు అక్క కోడలికి నెలలు నిండుతున్నాయి. బావ ముందే ఖమ్మంలో ఇంకో డాక్టరుకు చూపించి పెట్టాడు కాబట్టి గండం గడిచింది. అప్పటినుంచి వాళ్లింట్లో క్యాలెండర్ పక్కన ఒక అట్టముక్క వేలాడుతుంది: రెండు ఆసుపత్రుల పేర్లు, ఆటో అతని నంబరు, ఆశా కార్యకర్త నంబరు, 108, ఎవరికి ఏ మందు పడదు, ఆరోగ్యశ్రీ కార్డు ఏ బీరువాలో ఉంది.

ఆ చెక్‌పోస్టు 2025 ఫిబ్రవరిలో మళ్లీ గట్టిగా పనిచేసింది, ఈసారి కోళ్ల లారీలను వెనక్కి తిప్పడానికి. గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్‌ఫ్లూ. దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర కూడా ఆ నెలలోనే. మందులకొచ్చిన ప్రతివాళ్లూ “చికెన్ తినొచ్చా సార్?” అని అడిగారు. బాగా ఉడికితే ఏమీ కాదు, 70 డిగ్రీల వేడికి వైరస్ చచ్చిపోతుంది. ప్రమాదం పచ్చి మాంసంతోనే. ఆ మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1 అనే బర్డ్‌ఫ్లూ సోకి మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. కోడి మాంసం పచ్చి ముక్క తిన్నదని వార్తల్లో వచ్చింది. ఆ పాప నుంచి ఇంకెవరికీ అంటలేదు. మనిషి నుంచి మనిషికి తేలిగ్గా అంటడం ఆ వైరస్ నేర్చుకున్న రోజే అసలు భయం. అందాకా చికెన్ కోసిన కత్తితో ఉల్లిగడ్డ కోయకండి, చచ్చిన కోళ్లను చేత్తో ముట్టకండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి.

ఇక టీకా. మిర్యాలగూడలో మా మామయ్య బియ్యం మిల్లులో గుమస్తాగా రిటైరయ్యాడు. తవుడు దుమ్ము పీల్చీ పీల్చీ దగ్గు స్థిరపడింది, జేబులో ఇన్‌హేలర్ ఉంటుంది. ఫ్లూ టీకా ఏటా మారుతుంది, వైరస్ వేషం మార్చినట్టల్లా. కాబట్టి ఏటా వేయించుకోవాలి, వానలు మొదలయ్యేలోపు అయితే మంచిది. కొత్త మహమ్మారి వైరస్‌ను అది ఆపుతుందని చెప్పలేం. కొత్తదానికి టీకా తయారవడానికి 2009లో నెలలు పట్టాయి. అయినా మామూలు ఫ్లూ రాకుండా ఉంటే ఆ దెబ్బ ఒకటి తగ్గుతుంది. ఆయన వయసువాళ్లు డాక్టర్ని అడిగి న్యుమోనియా టీకా కూడా వేయించుకోవాలి. “ధర ఎంతనో ముందు చెప్పు అల్లుడూ” అంటాడాయన ప్రతి జూన్‌లో. చెప్తాను. బేరమాడతాడు. అత్తమ్మ లోపలి నుంచి “ఇద్దరికీ తెమ్మను” అని కేకేస్తుంది. ఐసుగడ్డల డబ్బాలో రెండు సిరంజీలు పెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కుతాను. అక్కడ వాళ్ల డాక్టరు దగ్గర వేయిస్తాం.